న్యూజెర్సీలో మన మెంబర్ల అడ్రస్సుల్ని బట్టి ఎవరి సెనేటర్ ఎవరో, అసెంబ్లీ మెంబర్లు ఎవరో తేల్చడం ఎలా?

కోనసీమ_టు_ఇజెలిన్:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక పట్టండి. మా తెలుగు అసోసియేషన్ కమిటీలో కొత్తగా చేరాను, చేరీ చేరగానే ఎవరికీ అక్కర్లేని పని ఒకటి తెచ్చి నా నెత్తిన పెట్టారు. దీపావళికి న్యూజెర్సీ మొత్తం స్కూళ్ళకి సెలవు ఇవ్వమని స్టేట్ లెజిస్లేచర్ వాళ్ళకి మెంబర్ల చేత ఉత్తరాలు రాయిద్దాం అని మావాళ్ళ ఆలోచన. ఇప్పుడు ఏ టౌన్ స్కూల్ బోర్డు క్యాలెండర్ దానిదే కదా, పక్కపక్క టౌన్లలోనే ఒకచోట సెలవు, ఇంకోచోట ఆ రోజే మ్యాథ్స్ టెస్టు. న్యూయార్క్ సిటీ స్కూళ్ళకి 2023లో స్టేట్ చట్టం ద్వారానే సెలవు వచ్చింది కాబట్టి మనం కూడా స్టేట్ రాజధాని ట్రెంటన్ తలుపే తట్టాలి అంటున్నారు. సరే, మంచిదే. కానీ ముందు మా మెంబర్లలో ఎవరు ఎవరి కిందకి వస్తారో తేలాలి కదా.

నా దగ్గర ఉన్నది సుమారు ఏడొందల కుటుంబాల ఎక్సెల్ షీటు. పేరు, వీధి, ఊరు, జిప్, ఫోను, అంతే. ఇదివరకటి కమిటీ వాళ్ళు జిప్ కోడ్‌ని బట్టి డిస్ట్రిక్టులు వేసిన షీటు ఒకటి అప్పజెప్పారు గానీ అది చూస్తే నాకు నమ్మకం కలగట్లేదు. అడ్రస్‌లో ప్రిన్స్‌టన్ అని ఉన్న వాళ్ళందర్నీ గుండుగుత్తగా ఒకే డిస్ట్రిక్ట్‌లో పడేశారు, వాళ్ళలో చాలామంది పిల్లలేమో వెస్ట్ విండ్సర్ స్కూళ్ళకి వెళ్తున్నారు. పైగా జిప్ కాలమ్‌లో సగానికి సగం నాలుగంకెలే ఉన్నాయి, 8830, 8820 అని. పోయినసారి ఆ షీటు పట్టుకుని మావాళ్ళు కొందరు ఒక ఆఫీసుకి వెళ్తే అక్కడి స్టాఫ్ మొదట అడిగిందే మీ ఇల్లెక్కడ అని, చెప్పగానే అయ్యో మీరు మా డిస్ట్రిక్ట్ కాదండీ అని కాఫీ కూడా ఇవ్వకుండా సాగనంపారట.

ఒక్కొక్క అడ్రస్ వెబ్‌సైట్లో కొట్టుకుంటూ పోతే దీపావళి దాటి సంక్రాంతి వస్తుంది. ఒకేసారి అన్నీ చేసే దారి ఉందా, డబ్బులు కట్టే సర్వీసులు కాకుండా? నేను కోడింగ్ మనిషిని కాదు, అకౌంట్స్ మనిషిని, ఎక్సెల్ అయితే బాగానే వచ్చు.

—

మ్యాపుల_మావయ్య:

ముందుగా జిప్‌ని మర్చిపోండి. జిప్ కోడ్ అనేది పోస్ట్‌మ్యాన్ సౌకర్యం కోసం పెట్టుకున్న డెలివరీ రూట్ల గుంపు, దానికీ టౌన్ సరిహద్దుకీ డిస్ట్రిక్ట్ సరిహద్దుకీ చుట్టరికమే లేదు. మీరు చెప్పిన ప్రిన్స్‌టన్ కేసే తీసుకోండి, 08540 అనే జిప్ మెర్సర్, మిడిల్‌సెక్స్, సోమర్‌సెట్ మూడు కౌంటీల్లోకీ పాకి ఉంటుంది. కార్నెగీ సెంటర్ ఆఫీసుల అడ్రస్‌లో ప్రిన్స్‌టన్ అనే ఉంటుంది, ఉన్నది మాత్రం వెస్ట్ విండ్సర్ టౌన్‌షిప్‌లో. ఫారెస్టల్ విలేజ్ ప్లెయిన్స్‌బరోలో ఉంది, దాని అడ్రస్ కూడా ప్రిన్స్‌టనే. మనవాళ్ళకి ప్రిన్స్‌టన్ అని రాసుకోవడం ఇష్టమే అనుకోండి, అది వేరే విషయం 😀

మీ అదృష్టం ఏంటంటే మీరు న్యూజెర్సీలో ఉన్నారు. ఈ పని అన్నిటికంటే తేలిగ్గా అయ్యే రాష్ట్రాల్లో ఇదొకటి. ఎలాగో చెప్తాను. ఇక్కడ మొత్తం 40 లెజిస్లేటివ్ డిస్ట్రిక్టులు, ఒక్కో డిస్ట్రిక్ట్‌కి ఒక సెనేటర్, ఇద్దరు అసెంబ్లీ మెంబర్లు, అంటే మొత్తం 120 మంది. సెనేట్‌కీ అసెంబ్లీకీ మ్యాపు ఒక్కటే. అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడ డిస్ట్రిక్టులు గీసేటప్పుడు మున్సిపాలిటీలని ముక్కలు చెయ్యరు, నెవార్క్, జెర్సీ సిటీ లాంటి పెద్ద ఊళ్ళని తప్ప. కాబట్టి ఇల్లు ఏ మున్సిపాలిటీలో ఉందో తెలిస్తే డిస్ట్రిక్ట్ తెలిసిపోయినట్టే. మొత్తం 564 మున్సిపాలిటీలు, ఏది ఏ డిస్ట్రిక్టో లెజిస్లేచర్ సొంత వెబ్‌సైట్లోనే లిస్టు ఉంటుంది. ఎడిసన్ మొత్తం 18, వుడ్‌బ్రిడ్జ్ మొత్తం 19, అలాగన్నమాట.

ఇక చిక్కల్లా అడ్రస్‌లో రాసే ఊరి పేరు, అసలు మున్సిపాలిటీ పేరు ఒకటి కాకపోవడమే. మీ ఇజెలినే చూడండి, ఇజెలిన్ అని మున్సిపాలిటీ లేదు, అది వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లో ఒక భాగం. కొలోనియా, ఫోర్డ్స్, ఎవెనెల్ కూడా అంతే. మన్‌మత్ జంక్షన్, కెండల్ పార్క్ వాళ్ళంతా సౌత్ బ్రన్స్‌విక్. ప్రిన్స్‌టన్ జంక్షన్ అంటే వెస్ట్ విండ్సర్. సోమర్‌సెట్ అని రాసేవాళ్ళది చాలావరకు ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్. పైగా ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ అనే పేరుతో వేర్వేరు కౌంటీల్లో నాలుగు ఉన్నాయి, వాషింగ్టన్ టౌన్‌షిప్ సంగతి కూడా అంతే, కాబట్టి లిస్టు జత చేసేటప్పుడు ఒట్టి టౌన్ పేరుతో కాకుండా టౌన్, కౌంటీ రెండూ కలిపి పెట్టుకోండి.

ఊరి పేరు అనుమానంగా ఉన్నవాళ్ళకి ఒక చిట్కా, ప్రాపర్టీ టాక్స్ ఎవరికి కడుతున్నారో అడగండి. ఇల్లున్న ప్రతి ఒక్కడికీ అది మాత్రం నిద్రలో లేపి అడిగినా గుర్తుంటుంది. అద్దెకుండే వాళ్ళకి కుదరదు, వాళ్ళ కోసం ఇంకో దారి ఉంది, రాత్రికి రాస్తాను, ఇప్పుడు మీటింగ్ ఉంది.

—

కరీంనగర్_ఫ్రిస్కో:

మీరు లక్కీ అన్నా నిజంగ. మా టెక్సస్‌ల కథ వేరే ఉంటది. హౌస్‌కు 150 మంది, సెనేట్‌కు 31 మంది, రెండిటికీ మ్యాపులు వేర్వేరు, ఒకదానికొకటి సంబంధమే ఉండది. ఇంకో తమాషా ఏందంటే టెక్సస్‌కు కాంగ్రెస్ సీట్లు 38, స్టేట్ సెనేట్ సీట్లేమో 31, అంటే వాషింగ్టన్ పోయే కాంగ్రెస్‌మన్ కంటే ఆస్టిన్‌ల కూసునే సెనేటర్ కిందనే ఎక్కువ జనం ఉంటరు. ఈ ముచ్చట మనోళ్ళకు చెప్తే ఎవ్వరూ నమ్మరు.

మా ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీల, సగం డెంటన్ కౌంటీల ఉంటది. ఊరి పేరు చూసి డిస్ట్రిక్ట్ రాస్తా అంటే మా దగ్గర నడవది. మేం గుడిల వాలంటీర్లకు చేసినప్పుడు సిటిజన్‌షిప్ ఉన్నోళ్ళను ఓటర్ రిజిస్ట్రేషన్ కార్డు ఫొటో పంపుమన్నం, మా స్టేట్‌ల ఆ కార్డు మీదనే స్టేట్ సెనేట్ నంబర్, స్టేట్ హౌస్ నంబర్ కొట్టి ఇస్తరు. మిగిలినోళ్ళకు టెక్సస్ లెజిస్లేచర్ వాళ్ళ "హూ రిప్రెజెంట్స్ మీ" సైట్ల అడ్రస్ కొట్టి చూసినం.

మీరు ఎట్ల చేసినా సరే పాత మ్యాపు మీద చెయ్యకుర్రి. 2020 సెన్సస్ తర్వాత అన్ని స్టేట్లల్ల గీతలు మారినయ్. 2025ల మా దగ్గర మళ్ళ మార్చిన్రు అని లొల్లి లొల్లి అయింది కదా, అది కాంగ్రెస్ మ్యాపు, స్టేట్ హౌస్, సెనేట్‌లది కాదు. మా వాట్సాప్ గ్రూపుల ఇది రెండు రోజులు కొట్లాట.

—

ఊరికే_అడుగుతున్నా:

నాకొక డౌటు. మీ ఏడొందల కుటుంబాల్లో హెచ్-1బీ మీద, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్ళే ఎక్కువ ఉంటారు కదా. ఓటు లేనివాడు రాసిన ఉత్తరం ఎవడు చదువుతాడండీ, ఇంత తిప్పలు పడి డిస్ట్రిక్టులు తేల్చినా చెత్తబుట్టలోకే కదా. పోనీ ఆ రాసేదేదో గ్రీన్ కార్డు బ్యాక్‌లాగ్ గురించి రాయించొచ్చు కదా, దీపావళి సెలవు కంటే అది నయం.

—

పార్సిపనీ_పిన్ని:

@ఊరికే_అడుగుతున్నా బాబూ, రెండు విషయాలు కలిపేస్తున్నావు. గ్రీన్ కార్డులు, వీసాలు అన్నీ ఫెడరల్ వ్యవహారం, వాటికి అమెరికా కాంగ్రెస్ వాళ్ళకి రాయాలి, ట్రెంటన్‌లో ఉన్న అసెంబ్లీ మెంబర్‌కి రాస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం. స్కూలు చట్టాలు, స్టేట్ కాలేజీ ఫీజులు, డ్రైవింగ్ లైసెన్సులు, ఇన్సూరెన్స్ రూల్సు, ఇవీ స్టేట్ వాళ్ళ చేతిలో ఉండేవి. మనవాళ్ళు ఎంతసేపూ వాషింగ్టన్ వైపే చూస్తారు గానీ రోజువారీ బతుకులో సగం తేలేది స్టేట్ దగ్గరే.

ఓటు సంగతికొస్తే, డిస్ట్రిక్టులు గీసేది ఓటర్ల లెక్కన కాదు, మొత్తం జనాభా లెక్కన. హెచ్-1బీ మీద ఉన్న నువ్వూ, హెచ్-4 మీద ఉన్న మీ ఆవిడా, స్ట్రోలర్‌లో ఉన్న మీ బుడ్డోడూ అందరూ ఆ లెక్కలో ఉన్నారు. దీని మీద టెక్సస్ నుంచి కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది, ఓటు హక్కు ఉన్నవాళ్ళనే లెక్కపెట్టి సెనేట్ డిస్ట్రిక్టులు గీయాలని అడిగారు, 2016లో కోర్టు మొత్తం జనాభా లెక్కన గీయడం చెల్లుతుందని తీర్పిచ్చింది. కాబట్టి ఆ డిస్ట్రిక్ట్‌లో కాపురం ఉన్న ప్రతి మనిషీ ఆ మెంబర్ మనిషే. ఆఫీసు వాళ్ళు అడిగేది కూడా మీ ఇల్లెక్కడ అనే గానీ మీ వీసా ఏంటి అని కాదు. ఓటున్న వాళ్ళ మాటకి బరువు ఎక్కువ ఉండదా అంటే ఉంటుంది, కాదనను. అందుకే ఒకే కుటుంబంలో సిటిజన్ ఒకరుంటే ఉత్తరం వాళ్ళ పేరు మీద పంపించమంటాను.

@కోనసీమ_టు_ఇజెలిన్ నీకు ఇంకో మాట. మీ అసోసియేషన్ 501(సి)(3), అంటే టాక్స్ మినహాయింపు ఉన్న ఛారిటీ సంస్థ అయితే (మనవాళ్ళవి ఎక్కువ అవే) బిల్లు మీద అభిప్రాయం చెప్పడం వరకు ఫర్వాలేదు, దానికి పరిమితి ఉంటుంది, అది దాటకుండా మీ ట్రెజరర్‌ని ఖర్చు లెక్క రాసిపెట్టమను. కానీ ఫలానా వాడికి ఓటెయ్యండి, ఫలానా వాడిని ఓడించండి అనే మాట అసోసియేషన్ పేరు మీద రాకూడదు, అది అస్సలు కుదరదు. ఎలక్షన్ ఏడాది స్టేజీ ఎక్కి శాలువా కప్పే ఉత్సాహంలో కొందరు నోరు జారతారు, జాగ్రత్త.

—

హైదరాబాద్_హరి:

మన దగ్గర ఎంత సుఖమో ఇప్పుడు తెలిసొచ్చింది, ఓటర్ల లిస్టు తీస్తే నియోజకవర్గం పేరు, పార్ట్ నంబర్, సీరియల్ నంబర్ అన్నీ అందులోనే ఉంటాయి, తెలంగాణలో 119, ఏపీలో 175, ఎమ్మెల్యే ఎవరో ఆటో డ్రైవర్ని అడిగినా చెప్తాడు. అక్కడ ముగ్గురేసి ఉండి కూడా ఎవరో తెలియకపోవడం ఏంటండీ బాబూ.

—

కోనసీమ_టు_ఇజెలిన్:

@మ్యాపుల_మావయ్య గారూ, మున్సిపాలిటీ ఐడియా అదిరింది, ఆఫీసులో లంచ్‌లో కూర్చుని చూస్తే ఇజెలిన్, ఎడిసన్, కెండల్ పార్క్ వాళ్ళతోనే లిస్టులో పెద్ద ముక్క తేలిపోయింది. మిగిలింది ప్రిన్స్‌టన్ అని రాసుకున్న బ్యాచ్, జెర్సీ సిటీ బ్యాచ్, ఇంకా హిల్స్‌బరో వైపు బెల్ మీడ్ అని రాసినవాళ్ళు. వీళ్ళలో అద్దెకుండేవాళ్ళే ఎక్కువ. మీ రెండో దారి కోసం వెయిటింగ్. @పార్సిపనీ_పిన్ని థాంక్స్ అండీ, 501 విషయం మా ట్రెజరర్‌కి ఫార్వర్డ్ చేశాను, ఆయన ఇప్పటిదాకా రిప్లై ఇవ్వలేదు, కంగారు పడి ఉంటారు.

ఇంకో తలనొప్పి వచ్చింది. డిస్ట్రిక్ట్ నంబర్ పెట్టి లెజిస్లేటర్ల పేర్లు వీ-లుకప్ (ఒక లిస్టులోది వెతికి ఇంకో షీటులోకి తెచ్చే ఎక్సెల్ ఫార్ములా) చేస్తే ఒక అసెంబ్లీ మెంబర్ పేరే వస్తోంది, రెండోవాళ్ళు రావట్లేదు, ఎందుకు?

—

మ్యాపుల_మావయ్య:

వీ-లుకప్ మొదట దొరికిన వరుస దగ్గరే ఆగిపోతుంది, అది దాని స్వభావం. లెజిస్లేటర్ల లిస్టుని మనిషికో వరుసగా పెట్టారు, అందుకే. దాన్ని తిరగేసి డిస్ట్రిక్ట్‌కి ఒక వరుస చెయ్యండి, నలభై వరుసలే కదా, పక్కన మూడు కాలమ్స్, సెనేటర్, అసెంబ్లీ ఒకటి, అసెంబ్లీ రెండు. అప్పుడు మూడు లుకప్పులు వేసుకోవచ్చు. ఉత్తరాలు కూడా ముగ్గురికీ వెళ్ళాలి, ఒకరికే పంపి ఊరుకోవద్దు.

జిప్‌లో సున్నా పోవడం కూడా ఎక్సెల్ చేసే పనే. న్యూజెర్సీ జిప్పులన్నీ సున్నాతోనే మొదలవుతాయి, ఎక్సెల్ దాన్ని నంబర్ అనుకుని ముందున్న సున్నా మింగేస్తుంది. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చి ఐదంకెలకి నింపండి, లేకపోతే కింద చెప్పే పనిలో అడ్రస్సులు దొరకవు.

ఇక అద్దె ఇళ్ళవాళ్ళ సంగతి. అమెరికా సెన్సస్ బ్యూరో వాళ్ళ జియోకోడర్ అని ఒకటుంది, అడ్రస్ ఇస్తే అది మ్యాపులో ఎక్కడుందో చెప్తుంది, ఉచితం, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. ఒకేసారి 10,000 అడ్రస్సుల దాకా ఫైలు ఎక్కించొచ్చు. ఫైల్లో ఐదే కాలమ్స్ ఉండాలి, ఒక ఐడీ నంబరు, వీధి, ఊరు, స్టేట్, జిప్. పేర్లు, ఫోన్ నంబర్లు అందులో పెట్టకండి, ఐడీ చాలు, తిరిగొచ్చాక ఆ ఐడీతో మీ షీటుకి కలుపుకోవచ్చు. అపార్ట్‌మెంట్ నంబర్ తీసేస్తే ఇంకా మంచిది. ఎక్కించేటప్పుడు జియోగ్రఫీస్ కావాలని ఎంచుకుని, ఏ ఏడాది సరిహద్దులు అని అడిగిన చోట 2020 సెన్సస్ ఎంచుకోండి. తిరిగొచ్చే ఫైల్లో ప్రతి అడ్రస్‌కీ దొరికిందా లేదా, అచ్చంగా దొరికిందా దగ్గరగా దొరికిందా, ఆ తర్వాత స్టేట్, కౌంటీ, ట్రాక్ట్, బ్లాక్ కోడ్‌లు ఉంటాయి (ట్రాక్ట్, బ్లాక్ అంటే సెన్సస్ వాళ్ళు లెక్కల కోసం కౌంటీని చేసుకున్న ముక్కలు, బ్లాక్ అన్నిటికంటే చిన్నది). ఈ నాలుగూ వరసగా అతికిస్తే 15 అంకెల బ్లాక్ నంబర్ వస్తుంది, స్టేట్ 2, కౌంటీ 3, ట్రాక్ట్ 6, బ్లాక్ 4. ఇక్కడ కూడా కౌంటీ, ట్రాక్ట్‌ల ముందు సున్నాలు పోకుండా చూసుకోండి. న్యూజెర్సీ స్టేట్ కోడ్ 34 కాబట్టి మీ నంబర్లన్నీ 34తో మొదలవ్వాలి, అవ్వకపోతే ఎక్కడో జారిందని అర్థం.

ఏ బ్లాక్ ఏ లెజిస్లేటివ్ డిస్ట్రిక్ట్‌లో ఉందో చెప్పే ఫైలు కూడా సెన్సస్ వాళ్ళే ఇస్తారు, బ్లాక్ ఈక్వివలెన్సీ ఫైల్ అంటారు. అది డౌన్‌లోడ్ చేసి ఇంకో లుకప్ వేస్తే డిస్ట్రిక్ట్ వచ్చేస్తుంది. కోడింగ్ ఏమీ లేదు, మీ అకౌంట్స్ బుర్రకి ఇదో లెక్క కాదు. జెర్సీ సిటీ వాళ్ళకి టౌన్ పద్ధతి పనిచెయ్యదు, వాళ్ళందర్నీ ఇలాగే చెయ్యండి.

దొరకని అడ్రస్సులు కొన్ని మిగులుతాయి. పీఓ బాక్స్ ఇచ్చినవాళ్ళు ఎలాగూ దొరకరు, కొత్తగా కట్టిన ఇళ్ళు కూడా ఒక్కోసారి దొరకవు. దగ్గరగా దొరికింది అని చెప్పినవి, సరిహద్దు రోడ్డు మీద ఉన్నవి చేత్తో చూసుకోవాల్సిందే. జియోకోడర్ ఇంటిని ఫొటో తీసి చెప్పదు, ఈ వీధిలో వంద నుంచి రెండొందల నంబర్ల దాకా ఉన్నాయి, నీది నూట యాభై కాబట్టి మధ్యలో ఉంటావులే అని అంచనా వేస్తుంది. రోడ్డుకి ఏ పక్కో చెప్పే కాలమ్ కూడా ఇస్తుంది, ఎడమా కుడా అని, సరిహద్దు మీద ఉన్నవాళ్ళకి అది చూడండి.

—

కరీంనగర్_ఫ్రిస్కో:

మావయ్యా మీకు దండం. గా కొత్త ఇండ్ల ముచ్చట మాకు మస్తుగ తాకింది, సెలీనా, ప్రాస్పర్ దిక్కు కొత్త వెంచర్లల్ల ఇల్లు కొన్నోళ్ళ అడ్రస్సులు సగం దొరకలే.

గూగుల్ వాళ్ళ సివిక్ ఏపీఐ ఉండె కదా, అడ్రస్ ఇస్తే సీదా లీడర్ల పేర్లే ఇస్తుండె. అది ఇంక పని చేస్తలేదా?

—

మ్యాపుల_మావయ్య:

పేర్లిచ్చే భాగాన్ని 2025 ఏప్రిల్ 30న ఆపేశారు. ఇప్పుడు అడ్రస్ ఇస్తే ఏ డిస్ట్రిక్టో దాని కోడ్ మాత్రమే చెప్తుంది, అందులో మనుషులెవరో మనమే తెచ్చుకోవాలి. పాత బ్లాగుల్లో, యూట్యూబ్ వీడియోల్లో ఇంకా దాన్నే చూపిస్తుంటారు, వాటి వెనకపడి టైమ్ వేస్ట్ చేసుకోకండి. పేర్ల కోసం ఓపెన్ స్టేట్స్ అని ఉంది, స్టేట్ వారీగా ఇప్పుడున్న లెజిస్లేటర్ల సీఎస్‌వీ ఫైళ్ళు (ఎక్సెల్‌లో తెరుచుకునేవి) ఉచితంగా ఇస్తారు, డిస్ట్రిక్ట్ నంబర్, పార్టీ, ఈమెయిల్‌తో సహా. మీకు రెండు మ్యాపులు కాబట్టి టెక్సస్‌కి బ్లాక్ ఫైళ్ళు కూడా రెండు, సెనేట్‌ది ఒకటి, హౌస్‌ది ఒకటి, ఒకదాని నంబర్ ఇంకోదాంట్లో వెతక్కుండా చూసుకోండి. 12 అనే నంబర్ రెండిటిలోనూ ఉంటుంది, తప్పు వచ్చినా ఎక్సెల్ నోరెత్తదు.

—

కోనసీమ_టు_ఇజెలిన్:

ఇప్పుడే ప్రిన్స్‌టన్ బ్యాచ్‌ది ఎక్కించి చూశాను, పాత షీటులో ఒకే డిస్ట్రిక్ట్ అని రాసినవాళ్ళు ఇప్పుడు మూడు చోట్లకి విడిపోయారు. దొరకని వాళ్ళకి ఫోన్లు చెయ్యమని యూత్ టీమ్‌కి చెప్పాను, కాల్ చేసి మీ చెత్త ఏ టౌన్ వాళ్ళు తీసుకెళ్తారు అని అడుగుతున్నారట, ఒకావిడ స్కామ్ కాల్ అనుకుని పెట్టేసింది.

ఒక్కటి చెప్పండి, ఈ షీటు ఒకసారి చేస్తే ఎన్నాళ్ళు పనికొస్తుంది?

—

మ్యాపుల_మావయ్య:

ఇల్లు మారితే తప్ప డిస్ట్రిక్ట్ కాలమ్ జోలికి వెళ్ళక్కర్లేదు. ఇప్పుడున్న మ్యాపు 2023 ఎలక్షన్ నుంచి వాడుతున్నారు, మళ్ళీ గీసేది 2030 సెన్సస్ తర్వాతే. మనుషుల పేర్లు మాత్రం మారుతుంటాయి. అసెంబ్లీ 80 సీట్లకీ రెండేళ్ళకోసారి బేసి సంవత్సరం నవంబర్‌లో ఎలక్షన్, కొత్తవాళ్ళు జనవరి రెండో మంగళవారం కూర్చుంటారు, 2025 నవంబర్‌లో గెలిచినవాళ్ళు 2026 జనవరి 13న కూర్చున్నారు. సెనేట్‌కి మళ్ళీ 2027లో. మధ్యలో ఎవరైనా రాజీనామా చేస్తే ఆ పార్టీ కౌంటీ కమిటీ వాళ్ళే ఇంకొకరిని కూర్చోబెడతారు, అది ఎప్పుడైనా జరగొచ్చు, కాబట్టి ఉత్తరాలు ప్రింట్ చేసే ముందు రోజు పేర్ల లిస్టు కొత్తగా దించుకోండి. అడ్రస్సులున్న షీటు మాత్రం వాట్సాప్ గ్రూపులో పడకుండా చూసుకోండి, కమిటీలో ఇద్దరి దగ్గర ఉంటే చాలు.